ఎక్స్‌రేకు అందని మోకాలి గాయం: లిగమెంట్ దెబ్బల గుర్తింపు, చికిత్స

మోకాలికి దెబ్బ తగిలిన వ్యక్తిని ఆసుపత్రికి తీసుకువెళితే సాధారణంగా ముందు జరిగేది ఎక్స్‌రే పరీక్ష. ఎముక విరగలేదని తేలగానే బాధితుడు, వెంట వచ్చినవారు కుదుటపడతారు. నొప్పి మాత్రలు, క్రేప్ బ్యాండేజీ, వారం రోజుల విశ్రాంతితో వ్యవహారం ముగిసినదని భావిస్తారు. అయితే ఎక్స్‌రే ప్రధానంగా ఎముకను చూపే పరీక్ష. ఎముకను ఎముకతో కలిపి మోకాలిని నిలిపి ఉంచే లిగమెంట్లు, అనగా సంధి బంధనాలు, ఆ చిత్రంలో కనిపించవు. వాటిలో ఒకటి పూర్తిగా తెగిపోయినప్పటికీ ఎక్స్‌రే నివేదికలో ఏ లోపమూ నమోదు కాకపోవచ్చు. ఆ విధంగా మొదటి రోజు గుర్తింపునకు రాని గాయం కొన్ని నెలల తరువాత మెట్లు దిగుతున్నప్పుడో, పొలం గట్టుపై నడుస్తున్నప్పుడో మోకాలు ఒక్కసారిగా పట్టు తప్పడం ద్వారా బయటపడుతుంది. అప్పటికే కీలు లోపలి మృదులాస్థి సైతం దెబ్బతిని ఉండటం ఎముకల వైద్యులకు తరచు ఎదురయ్యే పరిస్థితి.

గుండ్లకమ్మ తీరాన ఉన్న అద్దంకి, దాని చుట్టుపక్కల పత్తి, మిరప, పొగాకు పండే నల్లరేగడి గ్రామాలలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. పత్తి తీతలు, మిరప కోతల కాలంలో మహిళా కూలీలు గంటల తరబడి వంగి, గొంతుకూర్చుని పనిచేస్తారు. మిరప టిక్కీలను వీపున మోసి వాహనాలకు ఎక్కించే పనిలో పురుషుల మోకాళ్లపై భారం పడుతుంది. ట్రాక్టరు ట్రక్కు మీద నుండి దూకినప్పుడు, వేసవిలో నెర్రెలు విచ్చిన రేగడిలో పాదం ఇరుక్కొని శరీరం మరొక వైపునకు తిరిగినప్పుడు, అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిపై ద్విచక్ర వాహనం జారిపడినప్పుడు, సంక్రాంతి కబడ్డీ పోటీలలో కూతకు వెళ్లిన ఆటగాడిని ప్రత్యర్థులు పక్క నుండి పట్టు పట్టినప్పుడు లిగమెంట్లకు ముప్పు కలుగుతుంది. సందర్భాలు వేరైనా, పాదం నేలకు అతుక్కొని ఉండగా తొడ మెలి తిరగడం లేదా వంగిన మోకాలికి బలమైన తాకిడి తగలడం ఈ గాయాలలో అధిక భాగానికి మూలం.

నాలుగు ప్రధాన బంధనాలు

తొడ ఎముక కింది కొన, ముంగాలి ఎముక పై కొన ఒకదానిలో మరొకటి ఇమిడే ఆకారంలో ఉండవు. దాదాపు చదునైన పీటపై రెండు గుండ్రని బుడిపెలు ఆనినట్లు ఉంటాయి. కావున మోకాలి స్థిరత్వం కండరాలపైన, లిగమెంట్లపైన ఆధారపడుతుంది. కీలు నడుమ రెండు లిగమెంట్లు గుణకారపు గుర్తు వలె ఒకదానినొకటి దాటుతాయి. వాటిలో ముందరిదానిని వైద్యులు ఎ.సి.ఎల్. అని, వెనుకటిదానిని పి.సి.ఎల్. అని వ్యవహరిస్తారు. లోపలి పక్కన ఎం.సి.ఎల్., వెలుపలి పక్కన ఎల్.సి.ఎల్. ఉంటాయి. ఎ.సి.ఎల్. పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. ముంగాలి ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా ఆపే ప్రధాన భారం దీనిదే. ఇవి కాక రెండు ఎముకల మధ్య అర్ధచంద్రాకారంలో రెండు మెత్తలు ఉంటాయి. మెనిస్కస్ అని పిలిచే ఈ మృదులాస్థి మెత్తలు బరువును సమంగా పంచుతాయి. లిగమెంటు తెగిన మోకాలు పదేపదే జారినకొద్దీ ముందుగా నలిగిపోయేవి ఇవే.

బాధితుడు చెప్పే మాటలోనే సగం నిర్ధారణ

ఖరీదైన పరీక్షల కంటె ముందు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. దెబ్బ తగిలిన క్షణంలో లోపల "టప్" మన్న శబ్దం గాని, ఏదో తెగిన అనుభూతి గాని కలిగినదా? ఆ వెంటనే ఆట లేదా పని కొనసాగించగలిగినారా? వాపు ఎంతసేపటికి వచ్చినది? మూడవ ప్రశ్నకు విశేష ప్రాధాన్యం ఉన్నది. ఒకటి రెండు గంటలలోనే మోకాలు నిండుగా ఉబ్బినట్లయితే కీలులోకి రక్తం చేరినదని భావించాలి. ఆ విధంగా రక్తంతో ఉబ్బిన మోకాళ్లను ఆర్థ్రోస్కోపు పరికరంతో లోపలి నుండి పరిశీలించిన అధ్యయనాలలో సుమారు 70 శాతం వరకు ఎ.సి.ఎల్. గాయాలు బయటపడ్డాయి. వాపు మరుసటి రోజు నెమ్మదిగా వచ్చినట్లయితే మెనిస్కస్ చిరుగును అనుమానిస్తారు. కాలు పూర్తిగా చాచలేకుండా మధ్యలో బిగుసుకుపోతే చిరిగిన ముక్క కీలు నడుమ అడ్డుపడి ఉండవచ్చు. అట్టి రోగిని త్వరగా నిపుణునికి చూపించాలి.

రెండు మూడు వారాలకు వాపు తగ్గుతుంది, నడక వస్తుంది. నొప్పి లేకపోవడంతో గాయం మానినదని బాధితుడు నమ్ముతాడు. అనేక కేసులు దారి తప్పేది ఈ దశలోనే. తెగిన ఎ.సి.ఎల్.తో చదునైన బాటపై తిన్నగా నడవడం చాలామందికి సాధ్యమే. దిశ మార్చినప్పుడు, ఎగుడుదిగుడు నేలపై బరువుతో నడిచినప్పుడు లోపం తెలుస్తుంది. "మోకాలు నిలవడం లేదు", "కాలు జారిపోతున్నది" అని రోగి చెప్పే మాటను బలహీనతగా కొట్టివేయరాదు.

నిర్ధారణకు వైద్యుని చేతులు ముఖ్యమైన సాధనం. మోకాలిని 20 నుండి 30 డిగ్రీల మేర వంచి, ఒక చేత తొడను పట్టి, మరొక చేత ముంగాలిని ముందుకు లాగి చూసే లాక్మన్ పరీక్ష ఎ.సి.ఎల్. గాయాన్ని గుర్తించడంలో మిక్కిలి నమ్మదగినది. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎముకల వైద్యుడు జాన్ లాక్మన్ పేరిట 1976లో ఇది వైద్య పత్రికకెక్కినది. దీనికి యంత్రంతో గాని, ఖర్చుతో గాని పనిలేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని బల్లపైనే చేయవచ్చు. రెండవ మోకాలితో పోల్చి చూడటం తప్పనిసరి. గాయమైన రోజున నొప్పి, కండరాల బిగింపు వలన ఫలితం స్పష్టంగా తెలియకపోవచ్చు. అందువలన ఏడు నుండి పది రోజుల తరువాత తిరిగి పరీక్షించడం అవసరం. గ్రామీణ ప్రాంతాలలో అధికంగా లోపిస్తున్నది ఈ రెండవ పరీక్షే. మొదటి రోజు ఓ.పి. చీటీపైనే పునఃపరీక్ష తేదీ వ్రాసి ఇవ్వడం దీనికి సులభమైన పరిష్కారం.

ఎక్స్‌రే నిరుపయోగమని దీని అర్థం కాదు. ఎముక విరిగినదీ లేనిదీ తేల్చుకోవలసిందే. ఎవరికి ఎక్స్‌రే అవసరమో నిర్ణయించేందుకు కెనడా వైద్యులు 1995లో రూపొందించిన ఒటావా నియమాలు నేటికీ ఉపయోగపడుతున్నాయి. వయస్సు 55 సంవత్సరాలు లేదా అంతకు మించినవారికి, మోకాలి చిప్పపైన మాత్రమే లేదా ముంగాలి వెలుపలి సన్న ఎముక తలపైన నొక్కితే నొప్పి ఉన్నవారికి, మోకాలిని 90 డిగ్రీలు వంచలేనివారికి, గాయమైన వెంటనే, ఆసుపత్రికి వచ్చిన తరువాత కూడ నాలుగు అడుగులు వేయలేనివారికి ఎక్స్‌రే తీయాలి. ఒక్కొక్కసారి ఎక్స్‌రేలోనే లిగమెంటు గాయానికి ఆచూకీ దొరుకుతుంది. ముంగాలి ఎముక పైకొన వెలుపలి అంచున బియ్యపు గింజంత ఎముక ముక్క విడివడి కనిపిస్తే దానిని సెగాండ్ ఫ్రాక్చరు అంటారు. చూపునకు అల్పమైనదైనా ఇది సాధారణంగా ఎ.సి.ఎల్. తెగినదనడానికి గుర్తు. ఎం.ఆర్.ఐ. పరీక్ష లిగమెంట్లను, మెనిస్కస్‌లను చూపుతుంది. చేతి పరీక్షలో అనుమానం కలిగినవారికి, శస్త్రచికిత్స ఆలోచన ఉన్నవారికి అది అవసరం. మోకాలు నొచ్చిన ప్రతివారినీ దానికి పంపనవసరం లేదు.

గంటలతో పని ఉన్న అత్యవసర స్థితి

తీవ్రమైన రోడ్డు ప్రమాదాలలో రెండు మూడు లిగమెంట్లు ఒకేసారి తెగి మోకాలి కీలు పూర్తిగా తప్పిపోవచ్చు. అనేక సందర్భాలలో అది ప్రమాద స్థలంలోనే తిరిగి యథాస్థానానికి వచ్చి పైకి మామూలుగా కనిపించడం వలన ప్రమాద తీవ్రత మరుగున పడుతుంది. మోకాలి వెనుక భాగంలో పాదానికి రక్తం తీసుకువెళ్లే ప్రధాన ధమని ఎముకకు ఆనుకొని ఉంటుంది. కీలు తప్పినప్పుడు అది నలగవచ్చు లేదా చిరగవచ్చు. ఆరు నుండి ఎనిమిది గంటలలోపు రక్తప్రసరణ పునరుద్ధరించకపోతే కాలు తొలగించవలసిన స్థితి ఏర్పడుతుంది. పాదం చల్లబడటం, పాలిపోవడం, చీలమండ వద్ద నాడి అందకపోవడం, వేళ్లు కదపలేకపోవడం ప్రమాద సూచనలు. నాడి అందినంత మాత్రాన ధమని క్షేమమని నిర్ధారించరాదు. చీలమండ వద్ద, చేతి వద్ద రక్తపోటును కొలిచి పోల్చాలి. ఆ నిష్పత్తి 0.9 కంటె తక్కువగా ఉంటే రక్తనాళాల పరీక్షకు పంపాలి. పాదం పైకెత్తలేకపోతే వెలుపలి పక్కనున్న నరం దెబ్బతిన్నదని అనుమానించాలి. ఇట్టి రోగులను కదలకుండా కాలికి బద్ద కట్టి, 108 వాహనంలో రక్తనాళాల శస్త్రచికిత్స సదుపాయం గల ఆసుపత్రికి నేరుగా చేర్చాలి. అద్దంకి నుండి ఒంగోలు దాదాపు 40 కిలోమీటర్లు, గుంటూరు అంతకు రెట్టింపు పైగా దూరం ఉన్నందున, ఎక్కడికి పంపాలన్నది వాహనం కదలక ముందే ఫోనులో నిర్ధారించుకోవడం ఉత్తమం.

మొదటి మూడు రోజులు

సాధారణ గాయాలలో ఆట లేదా పని తక్షణం ఆపివేసి, కాలు ఎత్తులో ఉంచి, మోకాలికి మరీ బిగుతు కాని సాగే కట్టు వేయాలి. శీతల పానీయాల దుకాణంలో దొరికే ఐసును గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున రోజుకు కొన్నిసార్లు ఉంచవచ్చు. దానిని నేరుగా చర్మంపై పెట్టరాదు. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, నూనెతో మర్దన, మద్యం సేవించడం వాపును, రక్తస్రావాన్ని పెంచుతాయి. కీలులోని రక్తాన్ని అపరిశుభ్ర వాతావరణంలో సూదితో తీయించుకోవడం, మోకాలిలోకి ఇంజెక్షన్లు వేయించుకోవడం వలన చీము పట్టి కీలే నాశనం కాగలదు.

ఎముకలు విరిగినప్పుడు సంప్రదాయ కట్టు వైద్యులను ఆశ్రయించడం తెలుగునాట చిరకాలంగా ఉన్నది. పుత్తూరు కట్టు పేరు వినని పల్లె అరుదు. ఆ నమ్మకంతోనే మోకాలు బెణికినవారు సైతం కట్టు కట్టించుకొంటారు. విరిగిన ఎముకకు కదలిక లేకుండా చేస్తే అతుక్కొనే స్వభావం ఉన్నది. ఎ.సి.ఎల్. విషయం వేరు. అది కీలు ద్రవంలో మునిగి ఉన్నందున తెగిన కొనల నడుమ రక్తపు గడ్డ నిలవదు. కావున ఎంత బిగించి కట్టినా పూర్తిగా తెగిన ఎ.సి.ఎల్. మునుపటి పటుత్వంతో అతుక్కొంటుందని ఆశించలేము. పైగా వారాల తరబడి కదలిక లేని మోకాలు బిగుసుకుపోయి, తొడ కండరం క్షీణిస్తుంది. కట్టు విప్పిన తరువాత కాలు సన్నబడటానికి కారణం ఇదే.

ఏ లిగమెంటుకు ఏ చికిత్స

లోపలి పక్కనున్న ఎం.సి.ఎల్. ఈ నాలుగింటిలో చక్కగా మానే గుణం గలది. స్వల్ప గాయమైతే ఒకటి రెండు వారాలలో, తీవ్రమైనదైతే కీలు బద్ద ధరించి ఆరు వారాలు, కొన్నిసార్లు అంతకు మించి, చికిత్స పొందితే అధిక శాతం కేసులలో శస్త్రచికిత్స అవసరం ఉండదు. ద్విచక్ర వాహనం నుండి వంగిన మోకాలిపై పడినప్పుడు, కారులో కూర్చున్నవారి మోకాలు ముందరి డ్యాష్‌బోర్డుకు తగిలినప్పుడు పి.సి.ఎల్. దెబ్బతింటుంది. వెల్లకిలా పడుకొని మోకాళ్లు వంచినప్పుడు ఒక ముంగాలి వెనుకకు కుంగినట్లు కనిపించడం దీని గుర్తు. ఒంటరిగా తగిలిన పి.సి.ఎల్. గాయాలు చాలావరకు వ్యాయామంతో సర్దుకొంటాయి. వెలుపలి పక్క ఎల్.సి.ఎల్., దాని వెనుక భాగం పూర్తిగా తెగితే మాత్రం రెండు మూడు వారాలలోపు శస్త్రచికిత్స జరిగితేనే ఫలితం మెరుగు. ఆలస్యమైనకొద్దీ కణజాలం అతుక్కుపోయి మరమ్మతు కష్టమవుతుంది.

ఎ.సి.ఎల్. తెగిన ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ తప్పదన్న అభిప్రాయం బలంగా ఉన్నది. ఇది పూర్తిగా సరి కాదు. స్వీడన్‌లో చురుకైన 121 మంది యువతీయువకులపై జరిపి 2010లో ప్రకటించిన అధ్యయనంలో, వెంటనే ఆపరేషన్ చేసినవారికి, ముందు వ్యాయామ చికిత్స ఇచ్చి అవసరమైతేనే ఆపరేషన్ చేసినవారికి రెండేళ్ల తరువాత ఫలితాలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఐదేళ్లు గడిచేసరికి రెండవ వర్గంలో సుమారు సగం మంది ఆపరేషన్ చేయించుకొన్నారు, మిగిలిన సగం మందికి ఆ అవసరమే కలుగలేదు. మరొకవైపు, గాయం పాతబడి మోకాలు పదేపదే జారుతున్నవారిపై బ్రిటన్‌లో జరిగి 2022లో వెలువడిన అధ్యయనం శస్త్రచికిత్సకే మొగ్గు చూపినది. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడు, తాజా గాయానికి ముందుగా క్రమబద్ధమైన వ్యాయామం, జారుడు ఆగకపోతే పునర్నిర్మాణం అన్న మార్గం అనేకమందికి సముచితంగా ఉన్నది. ఆటలో కొనసాగదలచినవారు, మెనిస్కస్ కూడ చిరిగినవారు, బరువులతో అసమాన నేలపై పనిచేయక తప్పనివారు ముందుగానే శస్త్రచికిత్స గురించి నిపుణునితో చర్చించాలి.

శస్త్రచికిత్సలో తెగిన లిగమెంటును సాధారణంగా కుట్టరు. రోగి తొడ వెనుక భాగం నుండి గాని, మోకాలి చిప్ప కింది నుండి గాని స్నాయువును తీసి, ఎముకలలో సొరంగాలు చేసి, కొత్త లిగమెంటుగా అమర్చుతారు. అమర్చిన స్నాయువు మొదటి కొన్ని నెలలలో బలహీనపడి, క్రమంగా లిగమెంటు స్వభావం పొందుతుంది. కుట్లు మానినవి, నడక బాగున్నదన్న ధైర్యంతో ఆరవ నెలలోనే కబడ్డీ బరిలోకి దిగినవారికి మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. కనీసం తొమ్మిది నెలలు ఆగి, గాయమైన కాలి బలం రెండవ కాలి బలంలో 90 శాతానికి చేరినదని పరీక్షలో తేలిన తరువాతే ఆటకు అనుమతించడం నేటి వైద్య విధానం.

ఆపరేషన్ అయినా కాకపోయినా చికిత్సలో ప్రధాన భాగం వ్యాయామమే. మోకాలి కింద చుట్టిన తువాలు ఉంచి నేలకు నొక్కడం, కాలు తిన్నగా చాచి పైకెత్తి నిలపడం, కుర్చీ ఆసరాతో ఒంటికాలిపై నిలబడటం వంటివి ఇంటివద్దనే చేసుకోవచ్చు. అసలు చిక్కు మరొకచోట ఉన్నది. దినసరి కూలీకి నెలల తరబడి పని మానడం సాధ్యం కాదు. గొంతుకూర్చోవద్దని వైద్యుడు చెప్పిన రోగికి ఇంటివద్ద ఉన్నది నేల మరుగుదొడ్డి. ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ, మిరప కోతలో కూర్చునేందుకు చిన్న పీట, తొలి నెలలలో గ్రేడింగు వంటి కూర్చుని చేసే పనికి మార్పు — ఇట్టి చిన్న ఏర్పాట్లను మందుల చీటీతోపాటు చెప్పని పక్షంలో మిగిలిన సలహా అమలుకు నోచుకోదు. ఖర్చు విషయంలో, 2007లో ఆరోగ్యశ్రీగా ప్రారంభమై 2024లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా పేరు మారిన పథకం కింద తమ చికిత్స వస్తుందో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో ముందుగానే విచారించుకోవాలి.

ఈ గాయం నుండి కోలుకొన్నవారిలో ప్రసిద్ధుడు ఈ ప్రాంతం వాడే కావడం విశేషం. అద్దంకికి తూర్పున ఇంకొల్లు సమీపంలోని నాగండ్లలో 1973లో జన్మించిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో పూణే జాతీయ క్రీడలలో డబుల్స్ ఆడుతుండగా ఎ.సి.ఎల్. తెగినది. పలు శస్త్రచికిత్సల అనంతరం ఆయన 1996 నుండి వరుసగా ఐదేళ్లు జాతీయ ఛాంపియన్‌గా నిలిచి, 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ సాధించినారు. గాయానికీ ఆ విజయానికీ మధ్య దాదాపు ఏడేళ్లు గడిచినవన్న సంగతి పత్రికల కథనాలలో తరచు వెనుకబడుతుంది.

నివారణ కూడ కొంతవరకు సాధ్యమే. దూకి మోకాళ్లు వంచి మెత్తగా నిలబడటం, ఒంటికాలిపై నిలకడ, తొడ వెనుక కండరాల బలం పెంచే వ్యాయామాలను ఆటకు ముందు పదిహేను, ఇరవై నిమిషాలు వారానికి రెండు మూడుసార్లు చేయిస్తే ఎ.సి.ఎల్. గాయాలు గణనీయంగా, కొన్ని పరిశీలనలలో సుమారు సగానికి, తగ్గినవి. ఒకే ఆటలో బాలుర కంటె బాలికలకు ఈ గాయం ముప్పు అనేక రెట్లు అధికం. కబడ్డీ, ఖోఖో ఆడే బాలికలు గల ఉన్నత పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు దీనిని ప్రత్యేకంగా గమనించాలి.

గాయ ధ్రువపత్రం విషయం

రోడ్డు ప్రమాదం, కొట్లాట కేసులలో మొదటి రోజు ఎక్స్‌రేలో ఎముక విరగలేదన్న కారణంతో మోకాలి గాయాన్ని సామాన్య గాయంగా నమోదు చేయడం, పత్రికలలో "స్వల్ప గాయాలు" అని వ్రాయడం పరిపాటి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక విరగడం మాత్రమే తీవ్ర గాయం కాదు. ఏదైనా కీలు శక్తిని శాశ్వతంగా దెబ్బతీసినా, బాధితుడు పదిహేను రోజులపాటు తీవ్రమైన శారీరక బాధకు లోనైనా, తన రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే. పూర్వపు భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్‌లో ఈ గడువు ఇరవై రోజులుగా ఉండేది. మోకాలు ఉబ్బిన బాధితుని విషయంలో వైద్యాధికారి తుది అభిప్రాయాన్ని రెండవ పరీక్ష వరకు నిలిపి ఉంచి, అవసరమైతే ఎం.ఆర్.ఐ. నివేదికను జతపరచవచ్చు. దర్యాప్తు అధికారి కూడ ఆ పునఃపరీక్షకు బాధితుని పంపి, వచ్చిన అభిప్రాయాన్ని కేసు డైరీలో చేర్చవలసి ఉంటుంది. మోటారు ప్రమాద పరిహార దావాలో వైకల్య శాతాన్ని నిర్ణయించే సమయానికి, గాయమైన తొలి వారాలలో వ్రాసిన ఈ కాగితాలే బాధితుని చేతిలో ఉంటాయి.